ఇద్దరి మధ్య ఒకే గీత

గోడ నిండా గళ్లు. గళ్ల మధ్య గీతలు. నల్లగుట్ట క్వారీ షెడ్డులో ఈ మూల నుంచి ఆ మూల దాకా తెల్లకాగితం అంటించి, డాక్టర్ విభాకర్ నిచ్చెనెక్కి ఇంకో గీత గీస్తున్నాడు. కింద రాతిదిమ్మెల మీద కూర్చున్న జనం మెడలు నొప్పి పుట్టేలా చూస్తున్నారు.

"ఏంది సార్ ఇది, వైకుంఠపాళి పటమా?" అన్నాడు పేరయ్య మేస్త్రీ. "నిచ్చెన కనపడతానే ఉండాది. పామేడుంది?"

అందరూ నవ్వారు. విభాకర్ కూడా నవ్వి కిందికి దిగాడు.

"పాము ఎక్కడుందో చూపిస్తారనే మిమ్మల్ని పిలిచాను పేరయ్య గారూ. ఇవాళ కనపడితే రబ్బరుతో చెరిపేస్తాను. తర్వాత కనపడితే ఎవరూ చెయ్యగలిగింది లేదు."

ఆ రోజుల్లో ఎండలు ఎంతగా ముదిరాయంటే, ఉగాది దాటాక పగటిపూట బయట తిరిగిన మనిషి మళ్లీ ఇల్లు చేరతాడన్న నమ్మకం లేదు. అందుకని ఊళ్లను గుట్టల్లోపలికి మారుస్తున్నారు. నల్లరాయి కోసం ఏళ్ల తరబడి తొలిచి డొల్ల చేసిన ఈ గుట్టలో కట్టే ఊరికి చలువకొండ అని పేరు పెట్టారు. లోపల గాలి, నీళ్లు, తిండి, తలుపులు, లిఫ్టులు, ఆస్పత్రి అన్నీ ఒకే యంత్రం చేతిలో ఉంటాయి. దాన్ని జ్ఞాపకశిల అన్నారు. జనానికి అది ఉత్త రాయే.

ఈ రాయి సంగతి కొంచెం తెలిస్తే గానీ తర్వాత జరిగింది అర్థం కాదు. మామూలు కంప్యూటర్లో డేటాబేస్ అని ఒకటుంటుంది. ఎవరెవరు ఉన్నారు, ఎవరికి ఏ గది, ఎవరు ఎవరికి ఏమవుతారు, ఇవన్నీ వరసగా దాచుకునే చోటు. దాన్ని కట్టే ముందు డయాగ్రమ్ గీసుకుంటారు. ఇల్లు కట్టే ముందు నేల మీద ముగ్గు పోసి గదులు గుర్తు పెట్టుకున్నట్టే. మనుషులకో గడి, గదులకో గడి, పనులకో గడి. ఒక గడి నుంచి ఇంకో గడికి ఒక గీత. మామూలు డేటాబేస్‌లో ముగ్గు తప్పితే గోడ పడగొట్టి మళ్లీ కట్టుకోవచ్చు. జ్ఞాపకశిల అట్లా కాదు. అది ద్రావకంలో పెరిగే క్రిస్టల్. డయాగ్రమ్‌లో ఉన్న గళ్లూ గీతలూ దాని ఒంట్లో నరాల్లా పెరుగుతాయి. ఇడ్లీ రేకులో పిండి మార్చుకోవచ్చు, ఇవాళ మినప్పిండి, రేపు రాగిపిండి. గుంటలు మాత్రం మార్చలేం. ఎన్ని గుంటలుంటే అన్నే ఇడ్లీలు.

అందుకే విభాకర్ గీతల కోసం ఊరంతటినీ కూర్చోబెట్టాడు. జనం ఆయన్ని గీతల సారు అనేవాళ్లు. ఓపిగ్గా అడిగేవాడు, చెప్పింది వినేవాడు.

ఆ రోజు మనుషుల గడి దగ్గర ఆగాడు.

"ఇది ముఖ్యమైన సంగతి. ఇద్దరు మనుషుల మధ్య ఒకే బంధుత్వం ఉంటుందా, లేక రెండు కూడా ఉండొచ్చా? భార్యాభర్తలే పెళ్లికి ముందు నుంచీ రక్తసంబంధీకులై ఉండొచ్చు. మేనమామ, మేనకోడలు అనుకోండి. మీ వైపు అట్లాంటి పెళ్లిళ్లు ఉంటాయని విన్నాను. నిజమేనా?"

అప్పటిదాకా నవ్విన పేరయ్య మేస్త్రీ బీడీ కోసం జేబు తడుముకున్నాడు.

ముందు వరసలో మాల్యాద్రి కూర్చుని ఉన్నాడు. గుట్ట తొలిచిన పాత కూలీల్లో ఒకడు. పక్కన భార్య సీతారావమ్మ. ఆ పక్కన చూపు మందగించిన ముసలమ్మ తిరపతమ్మ. తిరపతమ్మ మాల్యాద్రికి సొంత అక్క, సీతారావమ్మకి కన్నతల్లి. తల్లి పురిట్లోనే పోతే ఆ తమ్ముణ్ణి తిరపతమ్మే సాకింది. పెద్దయ్యాక తన కూతుర్నే ఇచ్చి పెళ్లి చేసింది. ఆ పెళ్లికి ఇద్దరు బిడ్డలు పుట్టారు, ఇద్దరూ నిలవలేదు. రెండో బిడ్డ పోయిన రోజు ఆస్పత్రి వరండాలో అందరి ముందూ డాక్టరు అరిచాడు, "అక్క కూతుర్ని చేసుకుంటే ఇంతే! గొడ్డుకున్నపాటి తెలివి ఉండొద్దా?" అని. మాల్యాద్రి ఆ మాట ఎవరికీ చెప్పుకోలేదు, మర్చిపోనూ లేదు. ఇప్పుడు ఎదురుగా ఉన్న ఈయన కూడా డాక్టరే. ఏ డాక్టరో మాల్యాద్రికి తెలియదు.

"మాలో అట్టాంటివి లేవు సార్," అన్నాడు మాల్యాద్రి గట్టిగా. "మా తాతల నాడు ఉండేయంట. ఇప్పుడు అన్నీ బయటి సంబంధాలే."

"అంతే సార్, అంతే," అన్నాడు పేరయ్య. ఆయన భార్య కూడా ఆయన అక్క కూతురే.

తిరపతమ్మ నోరు తెరవబోయింది. "నువ్వూరుకో అక్కా," అన్నాడు మాల్యాద్రి. విభాకర్ ఆ మాట విన్నాడు గానీ పట్టించుకోలేదు. అక్కడ అందరూ అందర్నీ అక్కా బావా అనే పిలుచుకుంటారు. సీతారావమ్మ తల దించుకుని కొంగు నిండుగా కప్పుకుంది.

విభాకర్ ఊపిరి పీల్చుకున్నాడు. రెండు గీతలు పెట్టాలంటే క్రిస్టల్ ఇంకా మందంగా పెరగాలి. అది పెరిగేలోపు ఎండలు వచ్చేస్తాయి. ఆ ఆలస్యానికి ఎంతమంది పోతారోనని ఆయనకు బెంగగా ఉంది.

"మంచిది. అయితే ఇద్దరి మధ్య ఒకే గీత," అని రాసుకున్నాడు.

పేరయ్య చివర్లో ఒక కోరిక కోరాడు. "ఈ రాయి దగ్గర పైరవీలు నడవగూడదు సార్. ఫలానావాడి మనిషినని ఎవడో వచ్చి మార్పించుకుంటే మా గతేంది? ఎవరి చేతిలోనూ తాళం ఉండగూడదు." అందరూ చప్పట్లు కొట్టారు. విభాకర్ అదీ రాసుకున్నాడు.

రాయి పెరిగింది. ఎండలు రాకముందే జనం గుట్టలోకి వెళ్లారు. లోపలికి రావడానికి ఎవరికి హక్కుందో డయాగ్రమ్‌లోనే ఉంది. లోపల పనిచేసే ఉద్యోగులు కాక, గుట్ట తొలిచిన కూలీ, అతని రక్తసంబంధీకులు, అతని భార్య. అంతవరకే. మిగతావాళ్లు బయట రేకుల షెడ్లలో ట్యాంకరు నీళ్ల మీద బతకాలి. బతికినన్నాళ్లు.

గడప దగ్గర ప్రతి మనిషి దగ్గరా ఒక రక్తపు చుక్క తీసుకున్నారు. ఆ చుక్క చూసి రాయి తనంతట తానే రక్తసంబంధాల గీతలు గీసుకుంది. పెళ్లి గీతలు మాత్రం ఎవరికి వాళ్లు నోటితో చెప్పి గీయించుకోవాలి. మాల్యాద్రి, సీతారావమ్మ రాయి ముందు నిలబడి చెప్పారు. రాయికి మెత్తని ఆడగొంతు పెట్టారు.

"ఈ ఇద్దరి మధ్య గీత ఉంది. మేనమామ, మేనకోడలు. మరో గీతకు చోటు లేదు."

మాల్యాద్రి చుట్టూ చూశాడు. వెనక లైనులో జనం. ముందు వెళ్లిన పేరయ్య, ఆయన భార్య గోడ పక్కన నిలబడి ఉన్నారు.

"నీకేం చెప్పింది మేస్త్రీ?" అన్నాడు మాల్యాద్రి గొంతు తగ్గించి.

"నాకేం జెబుతుంది? అంతా సరిగ్గానే ఉండాది," అని పేరయ్య మొహం తిప్పుకున్నాడు.

తప్పు జరిగిందని చెప్పాలంటే ముందు అబద్ధం చెప్పామని ఒప్పుకోవాలి. ఎవరూ ఒప్పుకోలేదు. ఒప్పుకున్నా అప్పటికి రాయి గట్టిపడిపోయింది.

మొదట్లో పెద్ద ఇబ్బందేమీ కనపడలేదు. తమ్ముడు, విధవరాలైన అక్క, ఆమె కూతురు అని రాయి ముగ్గురికీ ఒకే గది ఇచ్చింది. పేరేదైతేనేం, కలిసే ఉన్నాం గదా అనుకున్నారు. కాకపోతే పేరంటాలకు రాయి పంపే పిలుపు సీతారావమ్మకి వచ్చేది కాదు. తలుపులు తెరుచుకోవడానికి అందరి చేతికీ తొడిగిన కడియంలో రాయి మాట్లాడినప్పుడల్లా కుమారి సీతారావమ్మ గారూ అనేది. తలలో సగం వెంట్రుకలు నెరిసిన మనిషిని కుమారి అంటే వంటశాలలో ఆడవాళ్లు పడీపడీ నవ్వేవాళ్లు.

"మళ్లా పెళ్లికూతురివి అయ్యావే అమ్మీ," అనేవాడు మాల్యాద్రి. చిన్నప్పుడు భుజానెక్కించుకుని తిప్పిన పిల్లని ఇప్పటికీ అమ్మీ అనే పిలుస్తాడు.

"అయితే మళ్లా చేసుకుంటావా మావా?"

"చేసుకుందును. రాయి ఒప్పుకోవద్దూ?"

చలికాలం వచ్చేసరికి మాల్యాద్రి దగ్గు ఎక్కువైంది. గుట్ట తొలిచినవాళ్లందరి ఊపిరితిత్తుల్లోనూ రాతి దుమ్ము ఉంది. కొందరిలో తొందరగా గట్టిపడుతుంది. ఒకరోజు మెట్ల మీద కూలబడ్డాడు. చలువకొండ ఆస్పత్రిలో అట్లాంటివాళ్లకి వేరే గది ఉంది, అద్దాల గది. లోపల గాలిని వడగట్టి పంపుతారు. పక్కన ఒక్కరే తోడు ఉండాలి. ఆ గదిలోకి వెళ్లినవాళ్లు నడిచి బయటికి రారని అందరికీ తెలుసు.

సీతారావమ్మ గంజి గిన్నె పట్టుకుని తలుపు ముందు నిలబడింది. తలుపు తెరుచుకోలేదు.

"కుమారి సీతారావమ్మ గారూ, మీరు రోగికి మేనకోడలు. ఈ గదిలోకి తల్లిదండ్రులకు, తోబుట్టువులకు, భార్యకు, పిల్లలకు మాత్రమే ప్రవేశం."

"నేను భార్యనే."

"ఆ గీత లేదు."

తిరపతమ్మకి తలుపు తెరుచుకుంది. ఆమె లోపలికి వెళ్లి తడుముకుంటూ మంచం పక్కన కూర్చుంది. తమ్ముడి చెయ్యి పట్టుకుంది. మాల్యాద్రి నీళ్లకోసం పెదవులు కదిపితే గ్లాసు ఎక్కడుందో ఆమెకు తెలియలేదు. చెయ్యి తగిలి గ్లాసు దొర్లింది, నీళ్లు దుప్పటి మీద పడ్డాయి. అద్దం ఇవతల నుంచి సీతారావమ్మ, "ఎడం పక్కనమ్మా, ఇంకా ఇట్టా, ఇట్టా," అని చేతులు తిప్పుతూ చూపించింది. ఆ అద్దంలోంచి మాట పోదు. తల్లికి చూపు లేదు. మాల్యాద్రి మాత్రం తల ఇటు తిప్పి ఆ చేతులు చూస్తూ పడుకున్నాడు.

మర్నాడు తల్లీకూతుళ్లిద్దరూ విభాకర్ గదికి వెళ్లారు. సీతారావమ్మ ఎప్పుడూ పరాయి మగవాడితో ఎదురుగా నిలబడి మాట్లాడిన మనిషి కాదు. గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"సార్, ఆ గీత మీరు గీసిందే గదా. ఇంకోటి పక్కన గీయండి. ఆయన ఎక్కువ రోజులు ఉండడంట."

విభాకర్ సంగతంతా విన్నాడు. వినేకొద్దీ ఆయన మొహం వాడిపోయింది.

"అది ఇప్పుడు కాగితం కాదమ్మా. కానీ ఆ రోజు నేను అడిగాను కదా?"

"అడిగారు సార్."

"అందరూ లేవన్నారు."

"మా ఆయనే అన్నాడు. నేను పక్కనే ఉన్నాను."

"ఎందుకమ్మా?"

"మీరు తిడతారని."

"నేను తిట్టేవాణ్ణి కాదు."

"ఆ సంగతి మాకు తెలీదు గదా సార్."

విభాకర్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. తర్వాత ఏదీ దాచకుండా చెప్పాడు. ఉన్న గీత చెరిపిస్తే, గడప దగ్గర ఇద్దరూ చెప్పిన మాట ప్రకారం దాని చోట భార్య అన్న గీత పడుతుంది. రక్తం ఏం చెప్పినా మనిషి నోటిమాటకే విలువివ్వాలని, పెంచుకున్న బిడ్డలున్నవాళ్లు మీటింగులో అడిగితే అట్లాగే పెట్టారు. కన్నతల్లికీ బిడ్డకీ మధ్య గీత ఒక్కటే ఎవరూ చెరపలేరు. కానీ మేనమామ అన్న గీత పోవాలంటే దాని మొదలు కూడా పోవాలి. మాల్యాద్రి సీతారావమ్మకి మేనమామ కాదంటే, తిరపతమ్మ మాల్యాద్రికి అక్క కాదని చెప్పాలి. అప్పుడు తిరపతమ్మ కూలీకి అత్తగారు అవుతుంది.

"అత్తగారికి గుట్టలో ఉండే హక్కు లేదు. కడియం ఆగిపోతుంది. ఏ తలుపూ తెరుచుకోదు, బయటి గేటు తప్ప."

"మీరు చెబితే వినదా సార్?"

"నా దగ్గర తాళం లేదమ్మా. ఎవరి దగ్గరా లేదు. మీరే వద్దన్నారు." ఆయన గొంతులో నిష్ఠూరం లేదు, అలసట ఉంది. "పడమటి వైపు రెండో గుట్ట మొదలుపెడుతున్నాం. అక్కడ రెండు గీతలు పెడతాను. మీ పేరు చెప్పను గానీ మీ వల్లే పెట్టానని గుర్తుంచుకుంటాను."

"పెట్టండి సార్," అంది సీతారావమ్మ. "ఆ గుట్టలో మేము ఉండం గదా."

అప్పటిదాకా గోడకు ఆనుకుని వింటున్న తిరపతమ్మ అడిగింది, "అంటే నాయనా, నేను వాడికి అక్కని కాదంటే ఇది లోపలికి పోతుందా?"

"నోరుముయ్యమ్మా!" అంది సీతారావమ్మ. తల్లిని ఎన్నడూ ఆ మాట అని ఎరగదు. చెయ్యి పట్టుకుని బరబరా గదికి లాక్కుపోయింది. దారంతా తిరపతమ్మ, "బయట మే నెల కూడా కాదే, ఇంకా మాఘమాసమే, చెట్టు కింద కూర్చుంటా," అని నచ్చచెబుతూనే ఉంది. బయట చెట్లు లేవని, ఈ ఏడు మాఘంలోనే ఎండలు ముదిరాయని ఆ ముసలమ్మకి ఎవరూ చెప్పలేదు.

రెండు రోజులు అట్లాగే గడిచాయి. లోపల అక్క, అద్దం బయట భార్య. మాల్యాద్రికి ఊపిరి అందడం తగ్గిపోతోంది. మూడో రోజు మధ్యాహ్నం సీతారావమ్మ వంటశాలలో పనికి పోయినప్పుడు, తిరపతమ్మ అద్దాల గది నుంచి బయటికి వచ్చి గోడ పట్టుకుని నడుచుకుంటూ పోయింది. దారిలో పేరయ్య ఎదురయ్యాడు.

"యాడికి పెద్దమ్మా?"

"రాయి దగ్గరికి. కాస్త చెయ్యి పట్టుకోరా."

ఎందుకో ఆయనకు అర్థమైంది. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి రాయి ముందు నిలబెట్టి, దూరంగా పోయి గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

తిరపతమ్మ రాయి మీద అరచెయ్యి ఆనించింది. చల్లగా ఉంది.

"చెప్పండి," అంది రాయి.

"మాల్యాద్రి నాకు అల్లుడు. నా కూతురి మొగుడు."

"ఇప్పుడున్న గీత తోబుట్టువు. చెరిపేయమంటారా?"

"వాడికి పాలపళ్లు రాకముందు నుంచీ నేనేనమ్మా..."

"మీ సమాధానం అర్థం కాలేదు. చెరిపేయమంటారా?"

"చెరిపెయ్యి తల్లీ."

వంటశాలలో బియ్యం ఏరుతున్న సీతారావమ్మ చేతికి కడియం జివ్వుమంది. "శ్రీమతి సీతారావమ్మ గారూ, మీ వివాహం నమోదైంది. శుభాకాంక్షలు." పక్కనున్న ఆడవాళ్లు నవ్వబోయి ఆమె మొహం చూసి ఆగిపోయారు. చేట కింద పడేసి సీతారావమ్మ గుట్ట ఆ చివరనున్న గేటు వైపు పరుగెత్తింది.

గేటు మూసి ఉంది. పేరయ్య మేస్త్రీ నేల మీద కూర్చుని, రెండు చేతులతో తల పట్టుకుని ఏడుస్తున్నాడు.

"తెరువు!" అంది సీతారావమ్మ గేటు మీద కొడుతూ. "మా అమ్మ బయటుంది, తెరువు!"

"తెరుస్తాను," అంది రాయి అదే మెత్తని గొంతుతో. "మీరు వెళ్లి తిరిగి రావచ్చు. ఆమె రాలేరు. వెళ్లే ముందు ఒక మాట. మీ భర్త పరిస్థితి విషమించింది. పక్కన తోడు ఎవరూ లేరు."

మీ భర్త. ఇన్నాళ్లకి రాయి ఆ మాట అంది.

గేటు కొంచెం తెరుచుకుంది. సందులోంచి వేడిగాలి పొయ్యిలోంచి వచ్చినట్టు మొహానికి కొట్టింది. తెల్లటి ఎండలో ఎక్కడా మనిషి నీడ లేదు. "అమ్మా!" అని పిలిచింది. బదులు రాలేదు. మళ్లీ పిలిచింది. పేరయ్య లేచి, "నువ్వు మావ కాడికి పో అమ్మాయ్, నేను చూస్తా," అని తలకి తుండు చుట్టుకుని సందులోంచి బయటికి పోయాడు. సీతారావమ్మ అటు ఒక అడుగు, ఇటు ఒక అడుగు వేసింది. చివరికి వెనక్కి తిరిగి పరుగెత్తింది.

అద్దాల గది తలుపు ఆమె చెయ్యి తగలకుండానే తెరుచుకుంది.

మాల్యాద్రి కళ్లు తెరిచాడు. "నువ్వా అమ్మీ? ఎట్టా వచ్చావే?"

"తలుపు తెరుచుకుంది మావా."

"రాయి ఒప్పుకుందా?"

"ఒప్పుకుంది."

ఆయన నవ్వాడు. చాలా రోజుల తర్వాత నవ్వాడు. సీతారావమ్మ ఆయన తల పైకెత్తి పట్టుకుని నీళ్లు తాగించింది, ఒక్క చుక్క కూడా కింద పడలేదు. దిండు సర్దింది. పెదవులు తుడిచింది. ఆయన ఆమె చెయ్యి తన గుండె మీద పెట్టుకున్నాడు. ఆ ఛాతీ పైకీ కిందికీ కొట్టుకోవడం ఆమె చేతికి తెలుస్తూనే ఉంది.

"అక్క యాడికి పోయింది?" అన్నాడు కాసేపటికి. "ఇందాకటి దాకా ఇక్కడే ఉండె. పిలువు. ఇద్దరూ ఉంటే నాకు భయం ఉండదు."

సీతారావమ్మ వంగి మళ్లీ దిండు సర్దింది. ఆ గదిలో రోగి ఏదడిగినా వెంటనే బదులివ్వాలని రాయికి నేర్పారు. గోడలోంచి గొంతు వచ్చింది.

"మాల్యాద్రి గారూ, మీకు అక్కలు ఎవరూ లేరు."

మాల్యాద్రి భార్య మొహంలోకి చూశాడు. సీతారావమ్మ తల దించుకుని, ఆ రోజు షెడ్డులో లాగే, కొంగు నిండుగా కప్పుకుంది.